‘లేదు’ అనేముందు...

చేటనిండా బియ్యం. అందులో నల్లరాయి ఒక్కటున్నా చూసీచూడగానే చేతికి చిక్కుతుంది. అదే తెల్లరాయి అయితే నాలుగుసార్లు కలియబెట్టినా తప్పించుకుని, అన్నంలోకి చేరి, పంటికింద పడి పలకరిస్తుంది. రెండూ రాళ్లే. వెతికిన కళ్లూ అవే. మరి తేడా ఎక్కడుంది? ఈ చిన్న ప్రశ్న వెంట పడిన శాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లోని స్కానింగ్‌ గదుల దాకా, విమానాశ్రయాల్లోని తనిఖీ గేట్ల దాకా వెళ్లారు. అక్కడ ఒకటి తప్పించుకుంటే పోయేది పన్ను కాదు, ప్రాణం!

బొటనవేలి గోరంత చూపు

బియ్యంలో రాళ్లు ఏరే పని ఇప్పుడు చాలావరకు మిల్లులే చూసుకుంటున్నాయి. బస్తా మీద ‘సార్టెక్స్‌’ అని కనిపిస్తే అర్థం అదే. గింజలు పల్చటి ధారగా జారుతుంటే యంత్రంలోని కెమెరాలు ప్రతి గింజనూ చూస్తాయి. రంగు తేడాగా ఉన్నది కనిపించిందంటే సన్నటి గొట్టంలోంచి వచ్చే గాలి దాన్ని పక్కకు తోసేస్తుంది. యంత్రానికి వెతకడమంటే అంతే, ఒక్కటీ వదలకుండా చూడటం.

మనిషి అలా చూడడు. చూడలేడు కూడా. చేయి బారుగా చాపి బొటనవేలి గోరు వంక చూడండి. ఆ గోరు ఎంత వెడల్పుందో, ఒక క్షణంలో మన కంటికి బాగా స్పష్టంగా కనిపించే మేర దాదాపు అంతే. దాని చుట్టూ ఉన్నదంతా దూరం పోయేకొద్దీ మసకే. ఆ మసక మనకు తెలియకపోవడానికి కారణం, చూపు ఒకచోట నిలవకపోవడం. సెకనుకు మూడు నాలుగుసార్లు అది ఇక్కడి నుంచి అక్కడికి గెంతుతూనే ఉంటుంది. గదంతా ఒక్కసారే చూసేస్తున్నామని అనుకుంటాం. నిజానికి కళ్లు ముక్కలు ముక్కలుగా ఏరుకొస్తుంటే మెదడు వాటిని కలిపి కుడుతోంది.

మరి చూపు తరవాత ఎక్కడికి గెంతాలి? ఈ మూలకా, ఆ మూలకా? అది నిర్ణయించేది ధ్యాస. చూపు కదపకుండానే ధ్యాసను పక్కకు మళ్లించగలం కూడా. పెళ్లిలో ఎదుటివాళ్లతో మాట్లాడుతూనే గుమ్మంలోకి ఎవరొస్తున్నారో ఓరగా గమనిస్తాం చూడండి, అదే ఇది. అంటే వెతికే పనిలో కళ్లు పనివాళ్లు మాత్రమే. మేస్త్రీ మాత్రం ధ్యాసే. వస్తువు దొరికినా, దొరక్కపోయినా చాలావరకు ఆ మేస్త్రీ పుణ్యమే.

నీలం ఇట్టే దొరికింది!

ఈ మేస్త్రీ ఎలా పనిచేస్తాడో కొలిచి చూపించినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆన్‌ ట్రీస్‌మన్‌. ఇంగ్లండ్‌లో పుట్టి, కెనడా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆమె. ఆర్థికశాస్త్రంలో 2002లో నోబెల్‌ అందుకున్న డేనియల్‌ కానెమన్‌ ఆమె భర్త. అమెరికా ప్రభుత్వం శాస్త్రవేత్తలకిచ్చే జాతీయ పతకాన్ని ఆమె 2013లో నాటి అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా అందుకున్నారు. 2018లో కన్నుమూశారు.

గ్యారీ జెలాడ్‌తో కలిసి ఆమె 1980లో ప్రచురించిన ప్రయోగాలు చిన్నపిల్లల ఆటలా ఉంటాయి. ఎదుట రంగు రంగుల అక్షరాలు చల్లి ఉంటాయి. వాటిలో చెప్పిన అక్షరం ఉందో లేదో వీలైనంత త్వరగా చెప్పాలి. ఎంత సమయం పట్టిందో సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కిస్తారు. పచ్చరంగు, గోధుమరంగు అక్షరాల మధ్య ఒకే ఒక్క నీలం అక్షరం ఉంటే, చుట్టూ అయిదున్నా ముప్ఫై ఉన్నా పట్టే సమయం దాదాపు ఒకటే. వెతకాల్సిన పనే లేదు. అదే వచ్చి కంట్లో పడుతుంది. బియ్యంలో నల్లరాయి కథ ఇదే.

తరవాత పరీక్ష మార్చారు. పచ్చరంగు ‘ఎక్స్‌’లూ గోధుమరంగు ‘టీ’లూ చల్లి, వాటి మధ్య ఒకే ఒక్క పచ్చ ‘టీ’ని పట్టుకోమన్నారు. ఇప్పుడు రంగు చూస్తే సరిపోదు, పచ్చవి ఇంకా ఉన్నాయి. ఆకారం చూసినా సరిపోదు, టీలూ ఇంకా ఉన్నాయి. రెండూ ఒకేచోట కలిసినదాన్ని పట్టుకోవాలి. అంతే, కథ మారిపోయింది. చుట్టూ ఉన్నవి పెరిగేకొద్దీ సమయమూ పెరుగుతూ పోయింది. ఒకదాని తరవాత ఒకటి చూసుకుంటూ వెళ్తే ఎలా ఉంటుందో అలా!

రంగు, పరిమాణం, వాలు, కదలిక... ఇలాంటి విడివిడి గుణాలను మెదడు ఎదుట ఉన్న దృశ్యం మొత్తంలో ఒకేసారి పసిగట్టగలదని, అయితే ఏ రంగు ఏ ఆకారానిదో ముడివేయాలంటే మాత్రం అక్కడికి ధ్యాస వెళ్లితీరాలని ట్రీస్‌మన్‌ వివరించారు. 

ఆ ప్రయోగాల్లోనే ఇంకో విషయం బయటపడింది. వెతికే అక్షరం అక్కడ ఉన్నప్పటికంటే, అసలు లేనప్పుడు పట్టిన సమయం సుమారు రెట్టింపు. సహజమే. ఉన్నది సగం దారిలోనే దొరకొచ్చు. ‘లేదు’ అని తేల్చాలంటే మాత్రం చివరిదాకా వెళ్లాలి. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో చాలా పనుంది.

ఉన్నది తెలుస్తుంది... లేనిది తెలియదు

పిల్లలతో ఆదివారం సరదాగా ఆడదగ్గ ఆట ఒకటుంది. తెల్లకాగితం మీద ‘ప’లు నలభై రాసి మధ్యలో ఎక్కడో ఒక్క ‘ఫ’ పెట్టండి. ఇంకో కాగితం మీద ‘ఫ’లు నలభై రాసి మధ్యలో ఒక్క ‘ప’ పెట్టండి. రెండు కాగితాల్లోనూ తేడా ఒక్క చిన్న గీతే. ఏది ముందు దొరుకుతుందో గడియారం పెట్టి చూడండి.

ఇలాంటి పరీక్షనే ట్రీస్‌మన్‌ బృందం 1985లో సున్నాలతో చేసింది. మామూలు సున్నాల మధ్య తోక ఉన్న సున్నాను పట్టుకోవడం తేలిక. తోక ఉన్న సున్నాల మధ్య తోక లేనిదాన్ని పట్టుకోవడం కష్టం. అదనంగా ఉన్నది తనంతట తానే పిలుస్తుంది. లోపించింది పిలవదు. ఇంట్లో కొత్తగా వచ్చి చేరిన వస్తువును అందరూ గమనిస్తారు. గోడ మీంచి మాయమైన క్యాలెండరును వారం దాకా ఎవరూ గమనించకపోవచ్చు.

చుట్టూ ఉన్నవి ఎలా ఉన్నాయన్నదీ ముఖ్యమే. జాన్‌ డంకన్‌, గ్లిన్‌ హంఫ్రీస్‌ అనే శాస్త్రవేత్తలు 1989లో దీనికో సూత్రం చెప్పారు. వెతికే వస్తువుకు చుట్టూ ఉన్నవాటితో పోలిక ఎక్కువైతే కష్టం. చుట్టూ ఉన్నవాటిలో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేకపోతే మరీ కష్టం. తెల్లరాయి మొదటి రకం. తాళాలు, పెన్నులు, బిల్లులు, పాత చార్జర్లు అన్నీ పోగేసిన సొరుగులో సూదులపెట్టె వెతకడం రెండో రకం. సర్ది పెట్టుకోమని అమ్మ ఊరికే చెప్పలేదన్నమాట!

మనసులో ఓ బొమ్మ

అలాగని కష్టమైన ప్రతి వెతుకులాటలోనూ ఒక్కోటీ వరసగా చూసుకుంటూ పోతామా అంటే, అదీ లేదు. రైల్వేస్టేషన్‌ పార్కింగులో మూడొందల బళ్ల మధ్య మీ ఎర్ర స్కూటీని వెతుకుతున్నారనుకోండి. నల్లవీ నీలంవీ చూస్తూ కాలం వృథా చేస్తారా? చూపు ఎర్రవాటి మీదికే వెళ్తుంది. వాటిలోనూ మోటారుసైకిళ్లను వదిలేసి స్కూటర్ల మీదే వాలుతుంది. ఎర్రరంగు, స్కూటరు ఆకారం అనే రెండు గుర్తులు చూపును చెయ్యిపట్టుకుని నడిపిస్తాయి. హార్వర్డ్‌ మెడికల్‌ స్కూల్‌కు చెందిన జెరెమీ వూల్ఫ్‌ 1989 నుంచీ చెబుతూ వస్తున్న సిద్ధాంతం ఇది. అనుభవం కూడా ఇలాగే దారి చూపిస్తుంది. గోడగడియారం కోసం ఎవరూ నేలమీద వెతకరు కదా!

ఈ తెలివి మనిషి ఒక్కడిదే కాదు. నెదర్లాండ్స్‌లోని పైన్‌ అడవుల్లో పక్షులు ఏ పురుగుల్ని ఎంతెంత తింటున్నాయో లుక్‌ టిన్‌బెర్గెన్‌ లెక్కలు తీశాడు. కొత్తరకం గొంగళిపురుగు కనిపించడం మొదలైన కొత్తల్లో పక్షులు దాన్ని పెద్దగా తినలేదు. కొన్నాళ్లకు ఒక్కసారిగా ఎగబడ్డాయి. నాలుగైదుసార్లు తగిలాక ఆ పురుగు రూపం పక్షి మనసులో ముద్రపడుతుందని, ఆ బొమ్మతోనే అది వెతుకుతుందని ఆయన ఊహించాడు. ఆయన మరణానంతరం 1960లో ఇది అచ్చయింది. అమెరికాలో ఆలన్‌ కామిల్‌ బృందం 1979లో బ్లూజే పక్షులకు చెట్టుబెరడులో కలిసిపోయే చిమ్మటల ఫొటోలు చూపించింది. ఒకేరకం చిమ్మట వరసగా వస్తుంటే పక్షులు రానురానూ నేర్పుగా పట్టేశాయి. రెండురకాలు కలగలిపి చూపిస్తే ఆ నేర్పు రాలేదు.

ఆ బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే వెతుకులాట అంత సులువు. ఏం వెతకాలో మాటల్లో చెప్పడంకంటే బొమ్మ చూపిస్తే త్వరగా దొరుకుతుందని వూల్ఫ్‌ బృందం 2004లో నిరూపించింది. మందుల దుకాణానికి వెళ్లేటప్పుడు ఖాళీ అయిన మాత్రల అట్టను వెంట తీసుకెళ్లే తాతయ్యలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు!

గొరిల్లాను చూడని డాక్టర్లు

అయితే ఈ బొమ్మే ఒక్కోసారి కళ్లకు గంతలు కడుతుంది. పసుపు ఎప్పుడూ ఉండే స్టీలు డబ్బాలోంచి సీసాలోకి మారిందనుకోండి. ఆ సంగతి తెలియని మనిషి సీసాను చేత్తో పక్కకు జరిపి మరీ స్టీలు డబ్బా కోసం వెతుకుతాడు. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు అని మన పెద్దలు అన్నది ఇలాంటి వారిని చూసే. దీన్ని పరధ్యానం అని తిట్టిపోస్తాం కానీ, నిజానికి ఇది ధ్యాస ఎక్కువవడం వల్ల వచ్చిన తిప్పలు. ధ్యాసంతా స్టీలు డబ్బా మీదే ఉంది. సీసాకు మిగల్లేదు.

1999లో డేనియల్‌ సైమన్స్‌, క్రిస్టఫర్‌ ఛాబ్రిస్‌ చేసిన ప్రయోగం ప్రపంచమంతా తెలిసినదే. తెల్లచొక్కాలవాళ్లు బంతి ఎన్నిసార్లు విసురుకున్నారో లెక్కపెట్టమంటే, ఆటగాళ్ల మధ్యకు గొరిల్లా వేషంలో మనిషి వచ్చి రొమ్ము చరుచుకుని వెళ్లినా సుమారు సగంమంది గమనించలేదు.

‘అది మామూలు జనం సంగతి. చూడటమే వృత్తి అయినవాళ్లయితే అలా వదిలేస్తారా?’ అన్న సందేహం ట్రాఫ్టన్‌ డ్రూ, మెలిసా వో, జెరెమీ వూల్ఫ్‌లకు వచ్చింది. 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల సీటీ స్కాన్లు ఇచ్చి, క్యాన్సర్‌ అయ్యే అవకాశమున్న చిన్న గడ్డల్ని గుర్తించమన్నారు. చివరి స్కాన్‌లో ఓ గొరిల్లా బొమ్మను కలిపేశారు. మామూలు గడ్డకు 48 రెట్ల పరిమాణం దానిది. 2013లో ఫలితం ప్రకటించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు! కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో పరిశీలిస్తే ఇంకో వింత తెలిసింది. ఆ ఇరవైమందిలో 12 మంది చూపు సరిగ్గా గొరిల్లా మీదే వాలింది. కళ్లు చూశాయి. ధ్యాస చూడలేదు.

ఇది చదివి డాక్టర్ల మీద నమ్మకం పోగొట్టుకోనక్కర్లేదు. అవే స్కాన్లలో అసలైన గడ్డల్ని పట్టుకోవడంలో శిక్షణ లేనివాళ్లు వారి దరిదాపుల్లోకి కూడా రాలేకపోయారు. అనుభవం మామూలుది కాదు. హెరాల్డ్‌ కుండెల్‌, కాల్విన్‌ నోడిన్‌ 1975లో ఛాతీ ఎక్స్‌రేలను సెకనులో అయిదో వంతు మాత్రమే మెరిపించి తీసేసినా నిపుణులు 70 శాతం దాకా జబ్బు ఉన్నవాటిని పసిగట్టారు. వెతికే గడ్డ కోసం అంతగా పదునెక్కిన మనసు కాబట్టే, వెతకని గొరిల్లాను వదిలేసింది. ఒకే కత్తికి రెండువైపులా పదును!

అరుదైనదే అపాయం

గొరిల్లా అంటే ఎవరూ ఊహించనిది. మరి ఏం వెతకాలో తెలిసి, దానికోసమే కూర్చున్నవాళ్లయినా పట్టుకోవాలి కదా? వెతికే వస్తువు తరచూ కనిపిస్తుంటే పట్టుకుంటారు. ఎప్పుడో తప్ప కనిపించకపోతేనే చిక్కు.

వూల్ఫ్‌, టాడ్‌ హోరోవిట్జ్‌, నవోమీ కెన్నర్‌ 2005లో ‘నేచర్‌’ పత్రికలో ప్రచురించిన ఫలితాలు తనిఖీ పనిలో ఉన్నవారందరినీ ఉలిక్కిపడేలా చేశాయి. విమానాశ్రయం ఎక్స్‌రే తెరను పోలిన చిత్రాల్లో రకరకాల వస్తువుల మధ్య పనిముట్టు ఏదైనా ఉందేమో చెప్పాలి. సగం చిత్రాల్లో పనిముట్టు ఉన్నప్పుడు చూసేవాళ్లు వదిలేసింది 7 శాతమే. పదిశాతం చిత్రాల్లో మాత్రమే ఉంటే వదిలేసింది 16 శాతం. నూటికి ఒక్క చిత్రంలోనే ఉంటే? 30 శాతం! మనుషులు వాళ్లే, వస్తువులు అవే. మారిందల్లా ఎంత తరచుగా కనిపిస్తోందన్నదే.

ఎందుకిలా? ‘లేదు’ అని తేల్చాలంటే చివరిదాకా వెళ్లాలని ముందు చెప్పుకున్నాం కదా. కానీ నిజజీవితంలో చివర అంటూ ఏదీ ఉండదు. ఎంత వెతికాక చాలనుకోవాలో మనసే నిర్ణయించుకోవాలి. వరసగా యాభైసార్లు ‘లేదు’ అన్నదే సరైన జవాబైతే, యాభై ఒకటోసారి ఆ మాట ఇంకాస్త ముందే నోట్లోంచి వచ్చేస్తుంది. కావాలని చేసే నిర్లక్ష్యం కాదిది. పదే పదే ఏమీ లేనిచోట కాలం వృథా చేయకుండా మెదడు నేర్చుకున్న పొదుపు. కాకపోతే ఆ పొదుపు ఖరీదు ఒక్కోసారి ఒక మనిషి.

క్యాన్సర్‌ పరీక్షల్లో జరిగేది సరిగ్గా ఇదే పరిస్థితి. ఏ లక్షణాలూ లేని వెయ్యిమంది మహిళలకు మామోగ్రామ్‌ తీస్తే అందులో రొమ్ము క్యాన్సర్‌ ఉండేది ఏ కొద్దిమందికో. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో కార్లా ఇవాన్స్‌ బృందం, జబ్బు ఉన్నట్టు ముందే తేలిన మామోగ్రామ్‌లను ఆసుపత్రి రోజువారీ పనిలో అక్కడొకటి అక్కడొకటి కలిపింది. నిపుణులు వాటిలో 30 శాతం వదిలేశారు. అవే చిత్రాలను, సగం జబ్బు ఉన్నవే అయిన కట్టలో పెట్టి పరీక్షిస్తే వదిలేసింది 12 శాతమే.

దీనికితోడు అలుపు. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్‌ తెరల ముందు గంటలకొద్దీ కూర్చున్న బ్రిటిష్‌ వాయుసేన సిబ్బంది శత్రువుల జాడల్ని వదిలేస్తున్నారెందుకని నార్మన్‌ మాక్‌వర్త్‌ పరిశోధించాడు. గడియారంలాంటి ఓ పరికరంలో ముల్లు అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతుంది. ఎప్పుడైనా ఒకసారి రెండడుగులు గెంతుతుంది. అది చూసి చెప్పాలి, అంతే పని. మొదటి అరగంట గడిచేసరికే పొరపాట్లు పెరిగాయని ఆయన 1948లో ప్రకటించాడు. యూరప్‌ విమానాశ్రయాల్లో ఎక్స్‌రే తెర ముందు మామూలుగా 20 నిమిషాలకు మించి వరసగా కూర్చోబెట్టకూడదని, ఆ తరవాత కనీసం 10 నిమిషాలు విరామం ఇవ్వాలని నిబంధన ఉన్నది అందుకే. అరుదు సమస్యకూ అక్కడ ఒక ఉపాయం వాడుతున్నారు. తెర మీద అప్పుడప్పుడూ దొంగ తుపాకుల, దొంగ బాంబుల బొమ్మల్ని కంప్యూటరే కలుపుతుంది. పట్టుకుంటే శభాష్‌ అంటుంది, వదిలేస్తే గుర్తుచేస్తుంది. అరుదైనదాన్ని అరుదు కాకుండా చేయడమన్నమాట.

ఒకటి దొరికితే చాలనుకుంటే...

‘లేదు’ అని తొందరపడటానికి ఇంకో కారణం కూడా ఉంది. అది విచిత్రంగా, దొరకడమే! బియ్యంలో ఓ రాయి దొరగ్గానే ‘హమ్మయ్య’ అనుకుని చేట దించేస్తాం. రెండో రాయి అక్కడే ఉండిపోతుంది. ఎక్స్‌రేలో ఒక ఎముక విరిగినట్టు కనిపించాక, పక్కనే ఉన్న సన్నటి రెండో చీలికను వదిలేసే ప్రమాదం ఉందని రేడియాలజీలో 1960ల నుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. అందుకే ‘ఒకటి కనిపించాక మళ్లీ మొదటి నుంచి చూడాలి’ అని వైద్యవిద్యార్థులకు నేర్పుతారు. ప్రతిసారీ ఒకే వరసలో చూసే అలవాటు చేయిస్తారు. గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు, అంచులు... ఇలా. ధ్యాసకు నచ్చినచోటికి కాకుండా, చూడాల్సిన ప్రతిచోటికీ చూపును తీసుకెళ్లే పద్ధతి ఇది.

నాలుగు కళ్లు మేలు

పరిష్కారం ఏమిటి? యూరప్‌లోని చాలా దేశాల్లో ఒక్కో మామోగ్రామ్‌ను ఇద్దరు రేడియాలజిస్టులు విడివిడిగా చూస్తారు. ఒకరి ధ్యాస జారినచోట ఇంకొకరిది నిలవొచ్చని. ఇప్పుడు కంప్యూటర్లు కూడా చేయి కలుపుతున్నాయి. స్వీడన్‌లో 80 వేలమందికిపైగా మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. కృత్రిమమేధ ముందుగా చిత్రాలన్నింటినీ చూసి, అనుమానం ఉన్నవాటిని ఇద్దరు డాక్టర్లకు, మిగతావాటిని ఒక్కరికి పంపింది. క్యాన్సర్లను పట్టుకోవడంలో ఏమాత్రం వెనకబడలేదు. పైగా డాక్టర్లు చిత్రాలు చదివే భారం 44 శాతం తగ్గింది. మిల్లులోని యంత్రంలాగే దీనికీ అలుపుండదు, వెయ్యోది అయినా మొదటిదానిలాగే చూస్తుంది. ఆఖరిమాట మాత్రం డాక్టర్లదే.

మన వంతుగానూ చేయగలిగింది ఉంది. స్కానింగ్‌కు వెళ్లినప్పుడు పాత ఎక్స్‌రేలు, పాత రిపోర్టులు ఇంట్లో బీరువాలోనే వదిలేసి వెళ్తుంటారు చాలామంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే, చుట్టూ కలిసిపోయిన మచ్చ కూడా ‘ఇది మొన్న లేదే’ అని బయటపడుతుంది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా... ఇవి చెప్పడానికి మొహమాటపడొద్దు. ‘ఫిల్మ్‌లో వాళ్లకే కనిపిస్తుందిలే’ అనుకోవద్దు. మీరు చెప్పే ఒక్క మాట, ఎక్కడ వెతకాలో డాక్టరు మనసుకు అందే బొమ్మ. రిపోర్టు బాగానే ఉన్నా బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లడం, రెండో అభిప్రాయం అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు.

రోడ్డు మీద కూడా ఇదే సూత్రం. కారు కూడలిలో మలుపు తిప్పి స్కూటరును గుద్దిన డ్రైవర్లు ‘చూసే తిప్పానండీ, బండి కనపడలేదు’ అంటుంటారు. అది ప్రతిసారీ అబద్ధం కాకపోవచ్చు. స్టీవెన్‌ మోస్ట్‌, రాబర్ట్‌ ఆస్టర్‌ 2007లో కంప్యూటర్‌ తెర మీద కారు నడిపించి చూశారు. ప్రతి కూడలిలో ఒక రంగు బాణాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. ఉన్నట్టుండి మోటారుసైకిలు ఎదురొస్తుంది. దాని రంగు, వెతుకుతున్న బాణం రంగు ఒకటే అయితే ఢీకొట్టినవాళ్లు తక్కువ. వేరే రంగైతే చాలా ఎక్కువ. మనసు కార్లకోసం, లారీలకోసం వెతుకుతుంటే సైకిలు తప్పించుకుంటుంది. మలుపు దగ్గర ‘రెండు చక్రాల బండి ఉందా?’ అని మనసులో ఒక్కసారి అనుకుని చూడండి. ఆ బొమ్మ ఉంటే చూపు దాన్ని పట్టుకుంటుంది.

ఇంట్లో వెతికేటప్పుడు...

* పిల్లల్ని ‘బీరువాలో ఉంది, తీసుకురా’ అని పంపకండి. ‘రెండో అరలో, నీలంమూత డబ్బా’ అని రంగు, చోటు చెప్పి పంపండి. దొరకలేదని తిరిగొస్తే ‘కళ్లు కనిపించట్లేదా?’ అని గద్దించేముందు, వాడి మనసులో ఉన్న బొమ్మ ఏమిటో అడగండి.

* ఒకేలా ఉండే మాత్రల అట్టలన్నీ ఒకే కవర్లో కలిపి ఉంచకండి. బీపీవి, షుగర్‌వి విడివిడి డబ్బాల్లో పెట్టి, మూతలకు వేర్వేరు రంగుల కాగితాలు అంటించండి. పెద్దవాళ్లకు రంగు ఇట్టే దొరుకుతుంది, చిన్న అక్షరాలు దొరకవు.

* జాతరలోనో, తిరునాళ్లలోనో పిల్లలకు నలుగురిలో కలవని రంగు చొక్కా వేయండి. బయల్దేరేముందు ఫోన్లో ఓ ఫొటో తీసుకోండి. తప్పిపోతే పదిమాటల వర్ణనకంటే ఆ బొమ్మే మేలు.

* వెతికిన వస్తువు దొరక్కపోతే అదేచోట అదే వరసలో మళ్లీ వెతకకండి. ఇంకొకరిని వెతకమనండి. వాళ్ల మనసులో మీ బొమ్మ ఉండదు.

* ఒకటి దొరికిందని ఆగిపోకండి. రెండోది ఉండొచ్చు.

వెతకడంలో అన్నిటికంటే కష్టమైన పని కనుక్కోవడం అనుకుంటాం. కాదు, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమే కష్టం. ‘ఉంది’ అన్న మాటకు వస్తువే సాక్ష్యం. ‘లేదు’ అన్న మాటకు మన ధ్యాస ఒక్కటే సాక్ష్యం. ఆ సాక్షి ఎంత నిజాయతీపరుడైనా త్వరగా అలిసిపోయేవాడని, అలవాటైనదాన్నే చూసేవాడని ఇన్నేళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ముఖ్యమైనచోట ‘లేదు’ అనేముందు ఇంకోసారి చూడండి. వీలైతే ఇంకొకరిని చూడనివ్వండి.